సూది నిలబెట్టిన రోజు

“తియ్యకపోతే పడేదంటవా?”

“పడేది. నువ్వు పండుకో.”

మా ఆలుమగల మధ్య జరిగిన చివరి మాటలు ఇవి. ఖమ్మం దవాఖానాలో మంచం మీద నుంచి ఆయన అడిగాడు, పక్కన స్టూలు మీద కూర్చుని నేను జవాబు చెప్పాను. అడిగి కళ్ళు మూసుకున్నాడు. నర్సు వచ్చి చెయ్యి పట్టి చూసేదాకా నిద్రపోయాడనే అనుకున్నాను. పక్క మంచం తాలూకు మనిషి తర్వాత నన్ను అడిగాడు, ఏం పడేదమ్మా, ఇల్లా అని. లైను అన్నాను. ఆయనకు ఏం అర్థమైందో ఏమో.

ఆ లైను సంగతే ఇప్పుడు చెబుతున్నాను. సబ్‌స్టేషన్లలో కొత్తగా చేరే పిల్లలు చదువుతారని మా మేనకోడలు అంటేనే మొదలుపెట్టాను. నాకు సంతకం పెట్టడం వచ్చు, బస్సు మీద ఊరి పేరు కూడబలుక్కోవడం వచ్చు. నేను చెబుతుంటే అదే రాస్తోంది. నేను ‘వచ్చిండు’ అంటే అది ‘వచ్చాడు’ అని దిద్దుకుంటోంది. దిద్దుకోనీ. సంగతి మారకపోతే చాలు.

మాది భద్రాచలం నుంచి చర్ల పోయే దారిలో రోడ్డు దిగి కొంచెం లోపలికి ఉన్న చిన్న సబ్‌స్టేషన్. ఆయన అందులో ఆపరేటర్. నేను అక్కడే స్వీపర్‌ని. కంట్రోల్ రూము ఊడవడం, యార్డులో పరిచిన కంకర మధ్య గడ్డి పీకడం, బ్యాటరీలలో నీళ్ళు పోయడం నా పని. పని చిన్నదే కానీ గడ్డి పీకేటప్పుడు తల మీద తీగలు గుయ్యిమంటుంటే ఒళ్ళంతా చెవులై ఉండేది. ఉద్యోగం దిగిపోయే రోజు వరకు ఆ భయం పోలేదు. పోకపోవడమే మంచిదని ఇప్పుడు అనుకుంటున్నాను.

మా సబ్‌స్టేషన్‌కు కరెంటు ఒకే ఒక్క లైను మీద వచ్చేది. అది భద్రాచలం నుంచి అడవిలో పడి, టేకు చెట్ల మధ్య నుంచి, చాలా దూరం నడిచి వచ్చేది. వచ్చేసరికే అలిసిపోయి ఉండేది. మా దగ్గర నుంచి మళ్ళీ ఊళ్ళకు తీగలు చీలతాయి, వాటిని ఫీడర్లు అంటారు. ఒకటి మండలం ఊరికి, దవాఖానాకు. రెండు రైతుల మోటార్లకు. మోటార్లన్నీ ఒక్కసారి లేచాయంటే కంట్రోల్ రూములో ఓల్టేజీ చూపించే సూది జ్వరం వచ్చిన మనిషిలా పక్కకు ఒరిగిపోయేది.

అందుకే మాకు ఒక ఆనవాయితీ ఉండేది. పైనుంచి ఎవరైనా ఆఫీసరు వస్తున్నాడని తెలిస్తే, మా పై ఇంజినీరు ఏఈ సారు ముందుగా ఫోను చేసేవాడు. సూది నిలబెట్టండి అని. అంటే నేను గేటు రాళ్ళకు సున్నం వేయాలి, దారి వెంట ముగ్గుపిండి చల్లాలి, గడ్డి పీకాలి. ఆయన రైతుల ఫీడర్లు రెండూ తీసేయాలి. తీసేస్తే బరువు దిగి సూది నిటారుగా లేచి నిలబడేది. ఆఫీసరు చూసి, బాగుందయ్యా అని టీ తాగి పోయేవాడు. ఆఫీసరు కారు రోడ్డెక్కాక ఫీడర్లు మళ్ళీ వేసేవాళ్ళం. ఇంటికి చుట్టం వస్తే చిరుగుల దుప్పటి లోపల పెట్టి మంచిది పరిచినట్టు. అది తప్పని ఎవరికీ అనిపించలేదు. మా దగ్గరే కాదు, ప్రతి సబ్‌స్టేషన్‌లోనూ ఇదే.

రెండు వేల సంవత్సరం దాటాక మాట ఇది. గోదావరి ఒడ్డున ఎత్తిపోతల పథకం కట్టారు. రెండు పెద్ద పంపులు. వాటికి కరెంటు మా యార్డు నుంచే పోవాలి. ఇంత పాత లైను ఆ పంపులను మోస్తుందా మోయదా అని తేల్చడానికి హైదరాబాద్ నుంచి ఒక ఇంజినీరమ్మను పంపారు. పెళ్ళికాని పిల్ల. వరంగల్ వైపు పల్లె పిల్లే, మాట మా మాటే. భుజాన సంచిలో కంప్యూటర్. మొదటిసారి వచ్చినప్పుడు పొద్దుననుంచి సాయంత్రం దాకా మీటర్లకు తన వైర్లు తగిలించుకుని కూర్చుంది. నేను ఊడుస్తూ అడిగాను, ఏం చేస్తున్నవు మేడమ్ అని.

“కంప్యూటర్ల మీ లైను అసుమంటిదే ఇంకోటి కట్టుకుంట అక్కా. పంపులు ముందుగాల అండ్ల నడిపి సూస్త. అండ్ల పడితే ఎవ్వరికీ దెబ్బ తగలది.”

నాకు ఆ మాట నచ్చింది. బొమ్మ లైను పడనీ, అసలు లైను పడకుండా. లైను పడడమంటే తీగ తెగి పడడం కాదు, బరువు మోయలేక కరెంటు మొత్తం ఒక్కసారే పోవడం.

పంపుల దగ్గర బీరువాలంత పెట్టెలు పెట్టారని, సంగతంతా ఆ పెట్టెలదేనని చెప్పింది. వచ్చిన కరెంటును ముక్కలు చేసి, మోటారుకు ఎంత వేగం కావాలో అంతకు తగినట్టు మళ్ళీ అల్లి ఇస్తాయట. మామూలు బల్బు ఓల్టేజీ తగ్గితే తానూ మందగిస్తుంది, ఉన్నదాంతో సర్దుకుంటుంది. ఈ పెట్టె సర్దుకోదు. దానికి కావలసింది దానికి కావాలి. ఓల్టేజీ తగ్గిన కొద్దీ కరెంటు ఇంకా గుంజుతుంది. గుంజితే లైను ఇంకా కుంగుతుంది. కుంగితే ఇంకా గుంజుతుంది. అందుకని ఆ పెట్టె నడత అంతా లెక్క కట్టి కంప్యూటర్‌లో పెట్టుకోవాలని చెప్పింది. పెట్టె సంగతి ఆమెకు బాగా తెలుసు. లైను సంగతే మేము దాచాం. ఎందుకంటే ఆ రోజు కూడా సారు ఫోను చేశాడు, ఆ రోజు కూడా సూది నిలబెట్టారు.

ఆ పిల్ల నిలబడిన సూదినే రాసుకుని పోయింది. కొన్నాళ్ళకు హైదరాబాద్ నుంచి మాట వచ్చింది, రెండు పంపులూ వేసుకోవచ్చని.

పంపులు నడిపి చూపించే రోజుకు ముందటి రోజు ఆమె మళ్ళీ వచ్చింది. అప్పట్లో మా వైపు పొద్దుగూకక ముందే బస్సులు బందయ్యేవి. దారి పొడుగునా పోలీసు క్యాంపులు, తనిఖీలు. మా ఊళ్ళో లాడ్జి లేదు. అందుకని మా క్వార్టర్‌లోనే ఉండమన్నాను. మధ్యాహ్నం జొన్నరొట్టె, గోదావరి చేప పులుసు పెట్టాను. మా ఇంట్లో ఓల్టేజీ చాలక ఫ్యానుకు, టీవీకి కలిపి ఒక స్టెబిలైజరు డబ్బా ఉండేది. మేడమ్‌కు ఉక్కపోస్తోందని అది వేశాను. వేసీ వేయగానే గోడ అవతలి నుంచి కేక వచ్చింది. పక్క క్వార్టర్‌లో లైన్‌మన్ భార్య ఉండేది, నన్ను వదినా అని పిలిచేది, నాతో రోజూ తగువు పడేది.

“ఓ వదినా, నీ డబ్బ జర బందువెట్టు. నా టీవీల మనుషులు సన్నవడ్డరు.”

“మా ఇంటికి హైదరాబాద్ మేడమ్ వచ్చింది పిల్లా. ఇయ్యాల నీ మనుషులు సన్నగనే ఉండనీ.”

“అయితే నేను కూడ నా డబ్బ ఎక్కిస్త. నీ మేడమ్‌కు గాలెట్ల వస్తదో సూస్త.”

అన్నట్టే ఎక్కించింది. మా ఫ్యాను మెల్లబడింది. మేడమ్ పకపకా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఫ్యాను వైపు చూసి, చేతిలో రొట్టె ముక్క పళ్ళెంలో పెట్టేసింది. ఇక్కడ రోజూ ఇంత తక్కువ ఉంటుందా అని అడిగింది. తాను మొన్న చూసినప్పుడు ఇలా లేదే అంది. నన్ను కాదు, ఆయన్ను అడిగింది. ఆయన, ఇయ్యాల ఎండ ఎక్కువుంది మేడమ్, మోటార్లు లేచినయ్ అని లేచి చెయ్యి కడుక్కున్నాడు. పళ్ళెంలో చేప అలాగే ఉంది. చేప వదిలిపెట్టే మనిషి కాదు.

నేను వెనకాలే కంట్రోల్ రూముకు పోయాను. సూది ముందు నిలబడి ఉన్నాడు. అప్పటికే ఆయన మీద ఏదో చిన్న విషయానికి ఒక మెమో ఉంది. అసలే భయస్తుడు. ఎవరి కంటా పడకుండా నౌకరీ వెళ్ళదీయాలనుకునే మనిషి.

చెబుతావా లేదా అని అడిగాను.

“ఎట్ల చెప్పాలె? ఫీడర్లు తియ్యుమని సారు ఫోన్ల అన్నడు, కాయితం మీద లేదు. నేను చెప్తే, ఎవలను అడిగి తీసినవురా అని నా మీదికే వస్తది. కొలువు పోతది. కొలువు పోతే ఈ ఇల్లు పోతది.”

అది అబద్ధం కాదు. అలా అని ఊరుకుంటే ఏమవుతుందో అదీ ఇద్దరికీ తెలుసు. మర్నాడే మండలం దవాఖానాలో పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ల క్యాంపు ఉంది. గూడేల నుంచి ట్రాక్టర్ల మీద ఆడవాళ్ళు వస్తారు. పక్కింటి పిల్ల కూడా పోతోంది. దవాఖానా జనరేటర్ చెడిపోయి, దాని మీద కోళ్ళు పడుకునేవి. పంపులు లేచిన వేళకు లైను పడితే, బల్ల మీద కడుపు కోసిన ఆడది ఎవరో ఒకరు చీకటి గదిలో ఉంటారు.

నేను ఒక్కటే మాట అన్నాను. “పక్కింటి పిల్ల పొద్దుగాల కాంపుకు పోతాంది.”

నేను వచ్చేశాను.

తెల్లవారి మేడమ్ బయట బావి గట్టు దగ్గర పళ్ళు తోముకుంటోంది. ఆయన పోయి ఆమెకు కొంచెం దూరంగా నిలబడ్డాడు. నేను అంట్లు తోముతూ వింటున్నాను.

“మేడమ్, మొన్న మీరు రాసుకున్న సూది మాది కాదు.”

ఆమె నోట్లో నురగతోనే ఏమిటన్నట్టు చూసింది.

“మీ కోసం నిలబెట్టినం. రైతుల ఫీడర్లు తీసేసినం. మాది రోజూ ఒరిగే ఉంటది.”

తిడుతుందేమో అనుకున్నాను. తిట్టలేదు. నోరు పుక్కిలించి, మా నులక మంచం మీద కంప్యూటర్ తెరిచి, సూది ఏ పూట ఎక్కడ ఉంటుందో చెప్పమంది. ఆయన గుర్తున్నంత చెప్పాడు. ఆమె టకటకా కొట్టింది. నన్ను పిలిచి చూపించింది. నల్లటి అద్దం మీద పచ్చ గీత, అదే మా ఓల్టేజీ. మొదటి పంపు వేస్తే గీత కొంచెం దిగి నిలబడింది. రెండో పంపు మెల్లగా లేస్తుంటే గీత కొంతదూరం దిగి, అక్కడి నుంచి బావిలో చేద జారినట్టు జారిపోయింది. ఒకసారి జారడం మొదలైతే ఇంక పట్టుకోలేం అంది.

సబ్‌స్టేషన్ ఫోను నుంచి హైదరాబాద్‌కు మాట్లాడింది. అవతలి వాళ్ళ మాట మాకు వినపడలేదు. ఈమె మాత్రం సర్, సర్ అంటూ చున్నీ కొస మెలిపెట్టుకుంటోంది. పెట్టేశాక చెప్పింది. పంపులు మొదలుపెట్టే పెద్దాయన బయల్దేరాడట, రెండు పంపులూ నడవాల్సిందేనట, నువ్వే కదమ్మా బాగుందని రాసిచ్చావు అన్నారట. పోనీ ఆ కాసేపు రైతుల ఫీడర్లు తీద్దామా అని మా సారును అడిగింది. ఒడ్డున మీటింగుకు వచ్చేది రైతులే, ఇయ్యాల వాళ్ళ కరెంటు తీస్తే అక్కడే కొడ్తరు, పైగా రైతుల మోటార్లు ఆగకుండనే పంపులు నడుస్తయని చూపించేటందుకే ఈ తతంగం అన్నాడు సారు. సూది సంగతి మాత్రం ఆమె సారుతో ఎత్తలేదు. సారూ ఎత్తలేదు.

ఆమె ఏమో పంపుల దగ్గర ఉండాలి. పోయే ముందు కంట్రోల్ రూములోకి వచ్చింది. నుదుటి మీది స్టిక్కరు బొట్టు తీసి, ఓల్టేజీ మీటరు గాజు మీద ఒక చోట అతికించింది.

“అన్నా, సూది ఈ బొట్టును తాకిందంటే పంపుల ఫీడర్ తీసెయ్యిర్రి. ఎవ్వరినీ అడుగొద్దు. నేను చెప్పిన అని చెప్పుర్రి.”

తనను మేడమ్ అని పిలిచే మనిషిని ఆమె అన్నా అంది. ఆయన తల ఊపాడు. చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

పక్కింటి పిల్ల అప్పటికే తయారై రోడ్డు మీద ట్రాక్టర్ కోసం నిలబడింది. వదినా, నేను వచ్చేదాక నీ డబ్బ నీ ఇష్టం, ఎంతసేపన్న ఏసుకో అని నవ్వి ఎక్కింది. నాకు నవ్వు రాలేదు.

ఆ రోజు నేను కంట్రోల్ రూము ఊడ్చిన చోటే ఊడ్చాను. మొదటి పంపు లేచింది. సూది కొంచెం ఒరిగి నిలబడింది, కంప్యూటర్‌లో చూసినట్టే. తర్వాత రెండోది మొదలైంది. ఒక్కసారిగా లేవదు అది, పెట్టె దాన్ని మెల్లమెల్లగా లేపుతుంది. అందువల్ల సూది కూడా మెల్లగా కదిలింది. ఉరికితే బాగుండేది. అది పాకుతుంటే చూడడమే కష్టం. గది బల్బు పసుపు తిరిగింది. అప్పుడు ఫోను మోగింది. ఆయన ఎత్తితే అవతల సారు. గొంతు నాకూ వినపడింది.

“నీళ్ళు పడ్డయ్‌రా. పెద్దాయన గంగమ్మకు పసుపు కుంకుమ ఏస్తున్నడు. ఏం ముట్టుకోకు. ఏమన్న అయిందో, నీ సంగతి చెప్త.”

సరే సారూ అని పెట్టేశాడు. సూది బొట్టుకు వెంట్రుకంత దూరంలో ఉంది. ఆయన నా వైపు చూశాడు. నేను తియ్యి అనలేదు, వద్దు అనలేదు. చేతిలో చీపురు అలాగే ఉంది. సూది బొట్టు అంచుకు తాకింది. ఆయన పంపుల ఫీడర్ తీసే బ్రేకర్ పిడి పట్టి తిప్పాడు.

బయట యార్డులో దభీమని మోత. కాకులు లేచాయి. సూది ఊగి, లేచి, నిలబడింది. బల్బు తెల్లబడింది. ఆ తర్వాత ఫోను మోగుతూనే ఉంది, ఆయన ఎత్తలేదు. బ్యాటరీల గదిలోకి పోయి కింద కూర్చున్నాడు.

అక్కడ గోదావరి ఒడ్డున, పెద్దాయన చేతిలో పసుపు ఉండగానే పైపులో నీళ్ళు ఆగిపోయాయట. ఆయన చెయ్యి చాచి అలాగే నిలబడ్డాడట. తర్వాత జనం ఆ సంగతి చెప్పుకుని ఏడాది పాటు నవ్వారు. మేము మాత్రం నవ్వలేదు.

సాయంత్రం పక్కింటి పిల్ల ట్రాక్టర్ మీద పడుకుని వచ్చింది. మోసుకొచ్చి మంచం మీద వేస్తే అడిగాను, లోపల కరెంటు పోయిందా అని.

“పోలే వదినా. నడుమల జర మబ్బయింది, డాక్టరు తిట్టుకున్నడు. మల్ల మంచిగొచ్చింది. ఎందుకు?”

ఏం లేదు, పండుకో అన్నాను.

విచారణ ఖమ్మంలో జరిగింది. నేను కూడా పోయి వరండాలో కూర్చున్నాను, తలుపు తీసే ఉంది. వాళ్ళు ఆయన్ను అడిగింది ఒక్కటే. లైను పడలేదు కదా, పడుతుందని నీకెట్ల తెలుసు? మేడమ్ చెప్పిందంటే ఆమె మీదికి పోతుందని ఆయన ఆ మాట అనలేదు. తీయబట్టి పడలేదు. పడనిదాన్ని పడేదని చూపించడం ఎలా? మేడమ్ లేచి, నా లెక్క ప్రకారం పడుతుంది అంది. నీ మొదటి లెక్క ప్రకారం పడదు కదమ్మా, రెండు లెక్కల్లో ఏది నిజం అన్నారు. మొదటి లెక్క ఎందుకు తప్పిందో చెప్పాలంటే సూది సంగతి చెప్పాలి. ఆమె ఆయన వైపు చూసి ఊరుకుంది. చెబితే ఆయన మునుగుతాడని ఊరుకుంది.

అప్పుడు ఆయనే లేచాడు. “మేడమ్ లెక్క తప్పు కాదు. మేడమ్ వచ్చిన్నాడు మేము సూది నిలబెట్టినం” అన్నాడు.

సూది నిలబెట్టడమంటే ఏంటని కూడా ఎవరూ అడగలేదు. అడగడానికి ఏముంది, అక్కడ కూర్చున్న ప్రతి పెద్దమనిషీ చిన్న నౌకరీలో ఉన్నప్పుడు తానూ నిలబెట్టినవాడే. ఒకాయన దగ్గాడు. టీలు తెప్పించారు.

సూది గురించి ఎవరికీ శిక్ష పడలేదు. మా సారుకూ పడలేదు. చెప్పకుండా బ్రేకర్ తీసినందుకు ఆయన్ను మాత్రం వేంసూరు అవతలికి బదిలీ చేశారు. క్వార్టర్ పోయింది. నేను ఇక్కడే కిరాయి గదిలో ఉండి ఊడ్చుకున్నాను. సెలవు దొరికినప్పుడు బస్సులు మారి వచ్చేవాడు, ఒక పూట ఉండి పోయేవాడు. ఆయన నౌకరీ అయిపోయేదాకా మా కాపురం బస్టాండ్లలోనే. సంగతి తెలిశాక పక్కింటి పిల్ల తన స్టెబిలైజరు తెచ్చి నా గదిలో పెట్టింది. నా కుట్ల కోసం అన్న వేంసూరు పోయిండు, ఇగ ఈ డబ్బ కోసం నీతో ఏం కొట్లాడుత వదినా అని కళ్ళు తుడుచుకుంది. రెండు డబ్బాలు పెట్టుకుని ఒక్క ఫ్యాను తిప్పాను.

మేడమ్ మళ్ళీ వచ్చి, ఈసారి మేము ఒరిగిన సూదిని ఒరిగినట్టే చూపిస్తే, వారం రోజులు రాసుకుంది. ఆ లెక్క మీదే రెండో లైను వచ్చింది. కొత్త లైనుకు కరెంటు ఇచ్చిన రోజు ఆయన వేంసూరు నుంచి వచ్చాడు. రైతుల మోటార్లు నడుస్తున్నాయి, పంపులు రెండూ నడుస్తున్నాయి, సూది దానంతటదే నిలబడి ఉంది. మీటరు గాజు మీద బొట్టు ఊడిపోయినా జిగురు మచ్చ ఉంది. గోటితో గీకబోయి ఆగాడు.

“మేడమ్, ఆ రోజు తియ్యకపోతే పడేదా?”

“నా లెక్కల పడేదన్నా. నిజంగ పడేదా అంటే, సూసినోళ్ళు లేరు గద.”

ఆ పిల్ల నిజమే చెప్పింది. కానీ ఆయనకు అది చాలలేదు. వేంసూరులో ఒంటరిగా వండుకున్న కూడు దండగ కాదని ఎవరో ఒకరు గట్టిగా చెప్పాలి ఆయనకు. అన్నం తింటూ అడిగేవాడు, బస్సు ఎక్కుతూ అడిగేవాడు. ప్రతిసారీ నేను, పడేది అనేదాన్ని. తెలిసి కాదు. ఆ పచ్చ గీత జారడం చూశాను, అంతే. అసలు లైను ఏం చేసేదో నాకేం తెలుసు?

కొత్త పిల్లలకు నేను చెప్పేది పెద్దగా ఏమీ లేదు. ఎవరు వచ్చినా సూదిని దాని మానాన ఉండనివ్వండి. ఒరిగితే ఒరిగిందని చూపించండి. గేటు రాళ్ళకు సున్నం వేస్తే వేయండి, దానివల్ల ఎవరికీ నష్టం లేదు.

ఇక చాలు బిడ్డా, కలం పెట్టెయ్యి. మొదట్నుంచి ఒకసారి సదువు, వింట. ఆయన అడిగిండు సూడు, నేను జవాబు చెప్పిన సూడు, గా కాడ జర నిమ్మలంగ సదువు. నా మాట గట్టిగనే ఉందా, లేదా సూస్త.